ఉల్టా విజిల్

ఇంకోసారి ఎవరైనా వచ్చి "తెలుగు టీచరువి గదా, రెండు ముక్కలు రాసి పెట్టు" అంటే గేటు దగ్గరి నుంచే పంపించేస్తాను. ఆ రెండు ముక్కల పుణ్యాన కొన్ని నెలలుగా నా ఇల్లు ఇల్లులా లేదు. మా మిషన్ బడి స్కౌట్ ట్రూపుకు అరవై ఏళ్లు నిండాయట. వజ్రోత్సవమట. సంచిక వేస్తారట. అందులో మొదటి వ్యాసం ట్రూపు చరిత్ర, అది నేను రాయాలట. ట్రూపు పెట్టింది మా నాన్న సుందర్ రావు. ఆయన కూతురిని నేను, రెబెకాను. పైగా రిటైరయ్యాను కాబట్టి ఖాళీగా ఉన్నానని వాళ్ల అభిప్రాయం.

ఖాళీ! ఎనభై ఆరేళ్ల మతిమరుపు మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు ఖాళీ ఎక్కడిది? గేటు తీసి ఉంటే చాలు, నాన్న నడిచి వెళ్లిపోతాడు. ఒకసారి హన్మకొండ చౌరస్తాలో దొరికాడు. ఇంకోసారి వరంగల్ స్టేషన్‌లో ఖమ్మం పోయే బండి ముందు నిలబడి, పిల్లల్ని క్యాంపుకు తీసుకుపోతున్నానని టీసీకి సర్ది చెబుతున్నాడు. ఆ రోజు నుంచి గేటుకు తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరుగుతున్నాను. మళ్లీ తప్పిపోతే దొరకడేమోనని నా భయం. నిద్రలో కూడా అదే భయం.

సరే, చరిత్ర. చరిత్ర అంతా ఒక విజిల్ దగ్గర ఇరుక్కుపోయింది.

స్కౌట్లలో విజిల్‌కు ఒక పద్ధతి ఉంది. పొట్టిగా, వెంటవెంటనే ఊదితే అందరూ పరుగెత్తుకొచ్చి వరుసలో నిలబడాలి. పొడుగ్గా, మెల్లగా, ఒకదాని వెనక ఒకటి ఊదితే చెదిరి దూరంగా పోవాలి. ఏ ఊళ్లోనైనా ఇంతే. ఒక్క మా ట్రూపులో మాత్రం తలకిందులు. పొట్టి విజిల్ వింటే మావాళ్లు ఉరికి పొదల్లో బోర్లా పడుకుంటారు. పొడుగు విజిల్ వింటే లేచొచ్చి వరుస కడతారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. జిల్లాలో మా ట్రూపు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. 'ఉల్టా ట్రూపు' అంటే మాత్రం అందరికీ తెలుసు.

తాళ్లు కొనలేక నాన్న బావి తాడు కోసి ముడులు నేర్పించిన మొదటి రోజుల నుంచీ ఇదే వరస. ఒక ఏడు జిల్లా ర్యాలీలో ఎవరో పెద్దాయన వేదిక మీది నుంచి పొడుగ్గా విజిల్ ఊదాడు. మైదానంలోని ట్రూపులన్నీ పద్ధతిగా చెదిరిపోయాయి. మావాళ్లు మాత్రం గొర్రెల మందలా వేదిక మీదికి ఎక్కారు. కుర్చీలు విరిగాయి, పూలదండలు నలిగాయి, నాన్నకు అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. ఇంటికొచ్చి మారుస్తాడేమో అనుకున్నాం. మరుసటి ఆదివారం మళ్లీ అదే విజిల్. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల డేరా మావాళ్లే చూసేవాళ్లు, అప్పుడూ అదే. తరవాత నిక్కర్లు వేసుకోవడానికి పిల్లలు సిగ్గుపడే కాలం వచ్చింది. ఆ తరవాత ఆదివారం కూడా ట్యూషన్లే అయిన కాలం. ఒక ఏడాది మొత్తం ట్రూపంటే ఒక్క వరుసే, అదీ పొట్టి వరుస. అప్పటికే రిటైరైపోయిన నాన్న ఎండలో నిలబడి, ఆ నలుగురి కోసం పొడుగ్గా విజిల్ ఊదేవాడు. ఆ ఊదేదేదో సరిగ్గా ఊదొచ్చు కదా అని అమ్మ తల కొట్టుకునేది.

ఈ విజిళ్ల సంగతి నాకింత బాగా ఎలా తెలుసంటే, చిన్నప్పుడు గోడ మీద కూర్చుని చూశాను కాబట్టి. మా బడి ట్రూపులో ఆడపిల్లల్ని తీసుకునేవాళ్లు కాదు. ఒకసారి నాన్నను అడిగాను. "ఇది మగపిల్లలది బిడ్డా, గోడ దిగి ఇంటికి పో" అన్నాడు. నేను దిగలేదు. బడి వదిలేదాకా ప్రతి ఆదివారం ఆ ప్రహరీ గోడ మీదే కూర్చున్నాను. ముడులన్నీ అక్కడి నుంచే చూసి చున్నీతో వేసుకునేదాన్ని. ఒక్క రోజు కూడా లోపలికి రానివ్వని ట్రూపుకు ఇప్పుడు నేను చరిత్ర రాయాలి. ఎంత గౌరవమో చూడండి.

కమిటీ అంటూ మా ఇంటికొచ్చేది ముగ్గురు. అధ్యక్షుడు సుదర్శన్, బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి దిగాడు. కట్టయ్య వర్ధన్నపేటలో పత్తి రైతు, చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదివాడు. ఇద్దరూ నాన్న మొదటి శిష్యులు, నాకు అన్నల్లాంటివాళ్లు, డెబ్బైకి దగ్గరపడ్డారు. మూడోవాడు నిఖిల్, బడిలో కొత్త డ్రిల్లు మాస్టరు, ఇప్పటి స్కౌట్ మాస్టరు. నాన్న పక్కనే కుర్చీలో కునుకుతుంటే ఈ ముగ్గురూ నా టీ తాగుతూ కొట్టుకునేవాళ్లు.

"రాస్కో చెల్లె," అనేవాడు సుదర్శన్. "జాతరల పోలీసోళ్ల విజిళ్లన్ని పొట్టియే. వాటిల్ల మనది కలిసిపోవద్దని సార్ కావాల్నని ఉల్టా పెట్టిండు. పెద్ద ప్లాన్ అది."

"ఏం ప్లానే, నీ తలకాయ!" అని లేచేవాడు కట్టయ్య. "జాతరకు పోకముందు సంది గట్లనే ఉండె. పసులను ఇంటికి పిలిస్తే పొడుగ్గ పిలుస్తమా, పొట్టిగ పిలుస్తమా? మా ఊరోళ్లను సూసి పెట్టిండు సార్."

"అంటే మేమంత పసులమా?"

"నీ సంగతి నాకు తెల్వదు."

నిఖిల్ చేతులు జోడించేవాడు. "మేడం, అసలు ఆ ముచ్చటే రాయకుండ్రి. రాష్ట్రం అవార్డు టెస్టులు దగ్గరికొచ్చినయ్. పై ఆఫీసర్లు చదివితే పిల్లల ఇజ్జత్ పోతది. నేను రెండేండ్ల సంది సరిచేస్తాన్న."

"సరిచేస్తాండట!" అని పెద్దవాళ్లిద్దరూ అప్పుడు మాత్రం ఒక్కటయ్యేవాళ్లు.

మా అమ్మ సారమ్మ ఉన్నప్పుడు చెప్పింది వేరు. ట్రైనింగ్‌లో విజిళ్ల పాఠం రోజు నాన్న జ్వరమొచ్చి పడుకున్నాడట. పక్క మంచం ఆయన తరవాత నేర్పించాడట. ఆయనకెంత తెలుసో దేవుడికే తెలియాలి. నాకు ఇదే నిజమనిపిస్తుంది. కానీ ఈ మాట రాస్తే సుదర్శన్, కట్టయ్య కలిసి నన్ను కాకతీయ తోరణానికి వేలాడదీస్తారు. నాన్నను ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అడిగితే "చాయ్ పెట్టు" అనేవాడు. ఇప్పుడు అడిగితే "నువ్వెవలమ్మా?" అంటున్నాడు.

ఇది చాలదన్నట్టు, గోరుచుట్టు మీద రోకటిపోటులా క్యాంపు వచ్చిపడింది. నర్సంపేట అవతల పాకాల చెరువు దగ్గర ఒక పూట వజ్రోత్సవం, పాత స్కౌట్లు, కొత్త పిల్లలు అందరూ.

"సార్ లేకుంట ఏం ఉత్సవం చెల్లె?" అన్నాడు సుదర్శన్.

"వద్దన్నా. ముందట చెరువు, ఎనక అడివి. ఆయన చెయ్యి ఇడిస్తే మల్ల దొరకడు. నేను పంప."

సుదర్శన్ లేచి నిలబడి మూడు వేళ్లెత్తి సెల్యూట్ చేశాడు. "స్కౌట్ మాట. కండ్లల్ల పెట్టుకుని సూసుకుంటం. నేనొక చెయ్యి, కట్టయ్యొక చెయ్యి. జర భరోసా పెట్టు."

స్కౌట్ మాట నమ్మదగినది అన్నది వాళ్ల మొదటి నియమం. గోడ మీద కూర్చుని నేనూ అది వేలసార్లు విన్నదాన్నే. నా బుద్ధి గడ్డి తిని సరేనన్నాను.

ఆ పొద్దున ఖాకీ చొక్కా గుండీలు నేనే పెట్టాను, నాన్నకు చేతకాలేదు. స్కార్ఫ్ మాత్రం నా చేతిలోంచి లాక్కున్నాడు. మడతలు చుట్టి మెడకు వేసుకుని తనే బిగించాడు. ఒక్క ముడత లేదు. తింటున్నది ఇడ్లీయో దోసెయో గుర్తుండని మనిషి! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పాకాలలో గట్టు కింద మద్దిచెట్టు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పాత స్కౌట్లు ఒక్కొక్కరే వచ్చి ఎడమచెయ్యి కలిపారు, స్కౌట్లు ఎడమచేత్తోనే కలుపుతారు. నాన్న అందరి పేర్లూ తప్పు చెప్పాడు. అందరూ "ఔ సార్" అన్నారు. ఒక పక్క సుదర్శన్, ఇంకో పక్క కట్టయ్య చేతులు పట్టుకుని కూర్చున్నారు. అది చూసి కొంచెం కుదుటపడి, బగారన్నం దగ్గరికి వెళ్లాను. వంటవాళ్లు పెరుగు మరిచిపోయి వచ్చారు. వాళ్లతో ఒక లొల్లి.

అక్కడే నా ఖర్మ కాలింది. మద్దిచెట్టు కింద మళ్లీ విజిల్ చరిత్ర మొదలైంది. సుదర్శన్‌కు మాట్లాడాలంటే రెండు చేతులూ కావాలి. కట్టయ్యకు జవాబు చెప్పాలంటే లేచి నిలబడాలి. జాతర ముందా, పసులు ముందా అని ఇద్దరూ గొంతులు చించుకుంటుండగా, అటువైపు నిఖిల్ భోజనాలకు పిల్లల్ని పిలుస్తూ విజిల్ ఊదాడు. పొట్టిగా, వెంటవెంటనే. పిల్లలు చక్కగా వచ్చి వరుస కట్టారు. నేను పళ్లెంలో నాన్నకు అన్నం పెట్టుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. దాని రెండు పక్కలా ఇద్దరూ ఇంకా అరుచుకుంటున్నారు.

"నాన్న ఏడి?"

ఇద్దరూ ఒకేసారి కుర్చీ వైపు చూశారు. తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడే ఈడ్నే ఉండె చెల్లె..."

"ఈడ్నే ఉంటే ఏడి? కండ్లల్ల పెట్టుకుంటమంటిరి గదా, ఏ కంట్ల పెట్టుకున్నవ్ సుదర్శనన్నా? తియ్యి, సూస్త!"

అంతమందిలో అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. పళ్లెం ఎక్కడ పడేశానో తెలియదు. పాత స్కౌట్లంతా గట్టు మీదికి కొందరు, రోడ్డు వైపు కొందరు, తూము దగ్గరికి కొందరు ఉరికారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ప్రతివాడూ "సార్! సార్!" అని కేకలు. నిఖిల్ అడవి అంచున నడుస్తూ ఆగకుండా విజిల్ ఊదుతూనే ఉన్నాడు, పొట్టిగా, గట్టిగా, ఊపిరి అందకుండా. పాపం, వాడి భయం వాడిది.

మధ్యాహ్నం పోయి ఎండ వాలింది. నేను నీళ్ల అంచున నడుస్తూ ప్రతి తామరాకునూ చూశాను. తెల్లగా ఏది కనబడినా ఆయన తలేనేమోనని వంగి చూసేదాన్ని. ఒడ్డున ఆయన చెప్పులు కనబడకపోతే చాలు ప్రభువా అనుకున్నాను. తాళంచెవి మెడలో తగులుతూ ఉంది. దాన్ని తెంపి చెరువులో పారేయాలనిపించింది.

గట్టు మీద నా ముందు కట్టయ్య నడుస్తున్నాడు. నిఖిల్ విజిల్ మోగింది. కట్టయ్య మోకాళ్లు వంగాయి. తల దించుకుని పక్కన పొద ఏదైనా ఉందా అన్నట్టు చూసి, మళ్లీ నిలబడ్డాడు. కాసేపటికి ఇంకోసారి మోగింది. ఇంకోసారి వంగాడు.

"ఏమైంది కట్టయ్యన్నా? నడుం పట్టిందా?"

"ఏం లేదు చెల్లె." సిగ్గుపడ్డాడు. "గా పొట్టి విజిలింటే కాళ్లు వాటంతటవే దాక్కోమంటాన్నయ్. చిన్నప్పటి అలవాటు."

నేను అక్కడే నిలబడిపోయాను. మరుక్షణం చీర ఎగ్గట్టి నిఖిల్ వైపు ఉరికాను.

"ఆపు నిఖిల్! నీకు దండం పెడతా, ఆపు!"

"మేడం, పిలుస్తాన్న..."

"పిలుస్తలేవు, తరుముతాన్నవ్! నువ్వు ఊదినకొద్దీ ఆయన ఇంక లోపలికి పోతాండు. ఇటియ్యి!"

మెడలో తాడుతో సహా లాక్కున్నాను. నా జన్మలో విజిల్ ఊదలేదు. మొదటిసారి ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. గోడ మీది నుంచి చూసింది గుర్తు తెచ్చుకున్నాను: పొట్టలోంచి ఊపిరి, నాలుక వెనక్కి. ఊదాను. పొడుగ్గా. ఆగాను. మళ్లీ పొడుగ్గా. ఊపిరి పోయేదాకా.

వెనక పెద్ద అలజడి. నిఖిల్ రెండేళ్లు కష్టపడి సరిచేసిన పిల్లలంతా లేచి, పద్ధతిగా, క్రమశిక్షణతో నలుమూలలకూ ఉరికారు. "అయ్యో! ఆగుండ్రిరా!" అని నిఖిల్ వాళ్ల వెంట పడ్డాడు. ఇటు చూస్తే గట్టు మీది నుంచి, రోడ్డు మీది నుంచి, తూము దగ్గరి నుంచి ముసలి స్కౌట్లు ఉరికొస్తున్నారు. మోకాళ్లకు పట్టీలున్నవాళ్లు, గుండెకు స్టెంట్లున్నవాళ్లు. సుదర్శన్ ఒక చెప్పు పోగొట్టుకుని, పొట్ట ఊపుకుంటూ వచ్చి నా ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఆయన పక్కన కట్టయ్య, తరవాత మిగతావాళ్లు.

"మీరెందుకొచ్చిండ్రన్నా? పోయి ఎతకండ్రి!"

"ఏమో చెల్లె," అన్నాడు సుదర్శన్ రొప్పుతూ. "పిలిచినవ్ గదా."

వీళ్లతో వేగలేక వెనక్కి తిరిగి మళ్లీ ఊదాను. కళ్లు మసకబారాయి. ఇంకోసారి ఊదాను. నాన్నా, రా. ఎన్ని తప్పులైనా నేర్పించు, వచ్చెయ్.

తంగేడు పొదలు కదిలాయి.

ముందు స్కార్ఫ్ కనబడింది. తరవాత తల, దాని నిండా ఆకులు. మోచేతుల దాకా మట్టి, చొక్కా నిండా పల్లేరుకాయలు. బోర్లా పడుకుని దాక్కున్నవాడు లేచినట్టే లేచి, మోకాళ్లు దులుపుకుని మా వైపు నడిచొచ్చాడు మా నాన్న. భయం లేదు, బెదురు లేదు. ఒళ్లుమండిపోతూ వచ్చాడు.

"ఎంతసేపురా? పొద్దంత పురుగుల పండవెట్టిండ్రు! గింత ఆలస్యం చేస్తరా పిలవనీకి?"

ఆయన వరుస ముందుకొచ్చి ఒక్కొక్కరినీ పై నుంచి కిందికి చూశాడు. సుదర్శన్ ఒంటి చెప్పు చూసి మొహం చిట్లించాడు. సుదర్శన్ ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, ఇన్నేళ్లూ అడగలేనిది అడిగాడు.

"సార్... మన విజిల్ ఉల్టా అంటరు అందరు. తప్పేనా సార్?"

నాన్న వరుస ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"తప్పెట్లయితదిరా? పిలిస్తే అచ్చిండ్రు గదా అందరు."

దూరంగా పిల్లల్ని పోగేసుకోవడానికి నిఖిల్ పడుతున్న పాట్లు ఆయన కంటపడ్డాయి. "గా పోరగాండ్లెవలు? ఎటు ఉర్కుతాండ్రు?" అని విసుక్కున్నాడు. అంతలో నా చేతిలో విజిల్ చూశాడు.

"ఊదింది ఎవలు?"

"నేనే నాన్నా."

"ఆడపిల్లవు. నీకెవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పలే. గోడ మీద కూసుని నేర్చుకున్న."

దగ్గరికొచ్చాడు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. కూతురినని గుర్తుపట్టాడని నేను అనుకోను. ఆయన కళ్లల్లో ఇంకేదో కదిలింది.

"గోడ మీది పోరివి గదా నువ్వు?"

"ఔ."

"ఇంక గోడ మీదనే ఉన్నవా?" అని కోప్పడ్డాడు. "దిగు. లైన్ల నిలబడు."

కట్టయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను వెళ్లి నిలబడ్డాను. కన్నీళ్లు ఆగడం లేదు. పైటతో తుడుచుకుంటుంటే మళ్లీ నా మీదే విసుక్కున్నాడు.

"లైన్ల ఏడుస్తరా? చేతులు కిందికి. సూటిగ నిలబడు."

చేతులు కిందికి దించి, సూటిగా నిలబడ్డాను.